నీరు దాచిన కండ

గుండె నీరసించిన మనిషిని తూకం యంత్రం ఎక్కిస్తే అది సగం నిజమే చెబుతుంది. ఆరు నెలల కిందట 60 కిలోలు, ఇవాళా 60 కిలోలే. బరువు తగ్గలేదని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఆ 60లో నీరెంతో, కండెంతో ముల్లుకు తెలియదు. తొడల్లోంచి, భుజాల్లోంచి కండ కరిగిపోతుంటే, ఆ లోటును కాళ్ళలో, పొట్టలో చేరిన నీరు పూడుస్తూ ఉంటుంది. ఆస్పత్రిలో మందులిచ్చి నీరు లాగేశాక అసలు మనిషి బయటపడతాడు. చొక్కా వేలాడుతుంది, మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. "ఆస్పత్రికి వెళ్ళొచ్చి చిక్కిపోయాడు" అంటారు చూడొచ్చిన చుట్టాలు. నిజానికి చాలావరకు చిక్కిపోవడం అంతకు ముందే, ఎవరి కంటా పడకుండా జరిగిపోయింది.

పాతకాలపు గ్రీకు వైద్యులు దీన్ని చూడకపోలేదు. పొట్ట నీటితో ఉబ్బుతుంటే భుజాలు, ఛాతీ, తొడలు కరిగిపోయే రోగి వర్ణన హిప్పోక్రటీస్ పేరిట ప్రచారంలో ఉంది. అయితే ఆ తర్వాత రెండు వేల ఏళ్ళకు పైగా వైద్యం నీటి వెంటే పడింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రోగిని పడుకోనివ్వకుండా, ఊపిరాడకుండా చేసేది నీరే కదా. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ ఒక ముసలమ్మ నాటుమందులోంచి ఫాక్స్‌గ్లవ్ ఆకును పట్టుకుని, దాని మోతాదుల మీద పుస్తకం రాసింది కూడా ఆ నీటి కోసమే.

పత్యమూ నీటి చుట్టూనే తిరిగింది. చరక సంహితలోని ఉదరరోగ చికిత్సాధ్యాయం ఉప్పుకు, నీళ్ళకు దూరంగా ఉంచి, పాల మీద నిలపమంటుంది. అది చెప్పేది పొట్టలో నీరు చేరే జబ్బుల గురించి. వాటిలో గుండె జబ్బు ఎంత, కాలేయపు జబ్బు ఎంత అన్న విభజన అప్పట్లో లేదు. 1860లలో రష్యా చక్రవర్తి ఆస్థాన వైద్యుడు ఫిలిప్ కారెల్ దాదాపు అదే దారి తొక్కాడు. వెన్న తీసిన పాలు కొద్దికొద్దిగా, వేళ తప్పకుండా తాగించాడు. ఆయన పేరుతో తర్వాత స్థిరపడ్డ పత్యంలో రోజుకు 800 మిల్లీలీటర్ల పాలు, అంతే. ఉప్పు తక్కువ, ద్రవం తక్కువ కాబట్టి నీరు దిగేది. ఆ పాలలో మాంసకృత్తులు 30 గ్రాములకు లోపే ఉంటాయన్నది ఆనాటి వాళ్ళ లెక్కలోకి రాలేదు.

అన్నం తినే మనకు ఆసక్తి కలిగించే పత్యం ఒకటి అమెరికాలో పుట్టింది. హిట్లర్ జర్మనీ విడిచి వచ్చిన వాల్టర్ కెంప్నర్ 1939 నుంచి డ్యూక్ విశ్వవిద్యాలయంలో మూత్రపిండాల జబ్బు, తీవ్రమైన రక్తపోటు ఉన్నవారికి తెల్లన్నం, పండ్లు, పండ్లరసాలు, చక్కెర మాత్రమే పెట్టాడు. ఉప్పు దాదాపు సున్నా. మాంసకృత్తులు రోజుకు 20 గ్రాముల దరిదాపు. రక్తపోటు తగ్గింది, ఎక్స్‌రేల్లో ఉబ్బిన గుండె నీడలు చిన్నవయ్యాయి. సరైన మందులు లేని కాలంలో అది చిన్న విజయం కాదు. కానీ ఇవాళ జబ్బుతో ఉన్న వృద్ధులకు, మూత్రపిండాలు బాగా దెబ్బతినకపోతే, కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటున్నారు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కెంప్నర్ కంచంలో ఉన్నది అందులో మూడో వంతు కూడా కాదు.

ఈలోగా మందులు వచ్చాయి. 1919లో వియన్నాలో ఆల్ఫ్రెడ్ వోగ్ల్ అనే వైద్య విద్యార్థి సవాయి జబ్బుకని పాదరసపు సూదిమందు ఇస్తే, రోగి మూత్రం ఏకధారగా పోయింది. అది నర్సులు రోజూ రాసిన కొలతల్లో బయటపడింది. ఆ పాదరసం దారి నుంచి 1950ల చివరి థయజైడ్‌లకు, 1960ల ఫ్యూరోసమైడ్‌కు వచ్చాం. నీటి మాత్ర చేతికొచ్చాక పత్యం పక్కకు జరిగింది. "ఉప్పు తగ్గించండి" అన్న ఒక్క ముక్క మాత్రం చీటీ మీద మిగిలింది.

నడక కథ ఇంకో దారిన నడిచింది. విలియం హెబర్డెన్ గుండెనొప్పి గురించి రాస్తూ, రోజూ అరగంట కట్టె కోసి దాదాపు కుదుటపడ్డ ఒక రోగిని ప్రస్తావించాడు. డబ్లిన్ వైద్యుడు విలియం స్టోక్స్ 1854 నాటి గ్రంథంలో గుండె బలహీనపడినవారికి చదును నేల మీద మొదలుపెట్టి క్రమంగా పెంచే నడక చెప్పాడు. 1880లలో మ్యూనిక్‌కు చెందిన మాక్స్ యోసెఫ్ ఓర్టెల్ దాన్ని ఒక పద్ధతిగా మలిచాడు. కొండదారుల్ని వాలును బట్టి వర్గాలు చేసి, తాగే నీరు కట్టడి చేసి, రోగుల్ని మెల్లగా ఎక్కించాడు. బాడ్ నౌహైమ్‌లో షాట్ సోదరులు గ్యాసు బుడగల నీటి స్నానాలకు, చేత్తో అడ్డుపెడుతూ చేయించే కసరత్తు జోడించారు. డబ్బున్న రోగులు యూరప్ నలుమూలల నుంచీ అక్కడికి చేరేవారు. ఆ వైద్యంలో ఎంత భాగం నిజంగా పని చేసిందో, ఎంత భాగం విహారయాత్రో విడదీయడం కష్టమే.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదంతా మంచం ఎక్కేసింది. గుండెపోటు గాయం మానడానికి వారాలు పడుతుందని శవపరీక్షల్లో తేలాక, ఆ వారాలన్నీ కదలకుండా పడుకోబెట్టడం ఆచారమైంది. అన్నం కూడా నర్సే తినిపించేది. బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్‌కు ఇది నచ్చలేదు. పడుకుంటే కాళ్ళలోని నీరంతా గుండెకే తిరిగొస్తుందనీ, కాళ్ళు వేలాడేసి కూర్చుంటే దానికి భారం తగ్గుతుందనీ ఆయన 1944లోనే వాదించాడు. 1952లో శిష్యుడు బెర్నార్డ్ లోన్‌తో కలిసి 81 మంది గుండెపోటు రోగుల్ని తొలిరోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టిన అనుభవం ప్రచురించాడు. చిన్న డాక్టర్లు ఇది హత్యాప్రయత్నమే అన్నట్టు చూశారట. కానీ కుర్చీలో రోగులు మంచం మీద కన్నా ధైర్యంగా ఉన్నారు.

అయినా గుండె వైఫల్యం రోగికి మంచం చెర తప్పలేదు. న్యూ ఆర్లియన్స్‌లో జార్జ్ బర్చ్, గుండె కండరం దెబ్బతిన్నవారిని 1960లలో నెలల తరబడి, కొందర్ని ఏడాది దాకా పడుకోబెట్టాడు. కొందరిలో ఉబ్బిన గుండె తగ్గింది కూడా. ఆయన చూసింది గుండెనే. ఏడాది పడుకుని లేచినవాడి పిక్కలు ఏమయ్యాయని అడిగే అలవాటు ఆ రోజుల్లో లేదు.

ఆ ప్రశ్న అడిగింది అసలు జబ్బే లేనివారి మీద. 1966లో డల్లాస్‌లో బెంగ్ట్ సాల్టిన్, జెరె మిచెల్ బృందం 20 ఏళ్ళ యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీద ఉంచింది. పూర్తి శ్రమలో ఒళ్ళు వాడుకోగల ఆక్సిజన్ 28 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. ఆ ముప్పై ఏళ్ళ వయసు తీసుకుపోయినదాని కంటే అప్పటి మూడు వారాల పడక తీసుకుపోయిందే ఎక్కువ. ఇరవై ఏళ్ళవాడే అంత కోల్పోతే, నీటి మాత్ర వేసుకుని పది రోజులు వార్డులో పడుకున్న డెబ్బై ఏళ్ళ మనిషి సంగతేమిటి?

1981లో ఫ్రాన్సియోసా అనే వైద్యుడి బృందం ఇంకో చిక్కుముడి చూపించింది. విశ్రాంతిలో గుండె ఎంత రక్తం తోస్తుందన్న కొలతకూ, మనిషి ఎంత దూరం నడవగలడన్నదానికీ పొంతన కుదరలేదు. పంపు బాగా దెబ్బతిన్నవాడు నడుస్తున్నాడు, కాస్త మెరుగ్గా ఉన్నవాడు ఆయాసపడి కూలబడుతున్నాడు. తేడా గుండెలో కనిపించనప్పుడు దాన్ని ఇంకెక్కడ వెతకాలి?

ఇక్కడే భీమవరం కుర్రాడు కథలోకి వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో కండరంలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నది 1927లో. కండరం చటుక్కున పని చేయాల్సినప్పుడు వాడుకునే శక్తి నిల్వ అది. ఇంటి ఖర్చుకు చేతిలో ఉంచుకునే చిల్లర లాంటిదనుకోండి. 1980లలో అయస్కాంత యంత్రాలతో చర్మం కోయకుండానే ఆ నిల్వను కొలవడం సాధ్యమైంది. గుండె వైఫల్యం ఉన్నవారి చేతి కండరంలో చిన్నపాటి పనికే ఆ చిల్లర త్వరగా ఖర్చైపోతోందనీ, మళ్ళీ నిండడానికి ఆలస్యమవుతోందనీ తేలింది. రక్తం చాలకపోవడం ఒక కారణమే, కానీ అదొక్కటే కాదు. కండరమే మారిపోయింది.

మారినది కండరమైతే దాన్ని కసరత్తుతో తిరిగి మార్చొచ్చు. 1988లో డ్యూక్‌లో సల్లివన్ బృందం, 1990లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ కోట్స్ బృందం గుప్పెడు మంది రోగులతో ఇదే చూపించాయి. కోట్స్ రోగులు 11 మంది, ఇంట్లోనే సైకిల్ తొక్కారు. వాళ్ళ ఓపిక పెరిగింది, ఆయాసం తగ్గింది. "కదలొద్దు" అన్న దశాబ్దాల మాటకు 11 మంది సైకిలు తొక్కి జవాబు చెప్పారు. 2009లో వచ్చిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో 2,331 మందిని చూశారు. వ్యాయామం ప్రమాదం కాదని తేలింది, ఓపిక కాస్త పెరిగింది. చావులు, ఆస్పత్రి చేరికలు కలిపి చూస్తే మాత్రం తేడా స్పష్టంగా నిలవలేదు. రోగుల తీవ్రతను సరిదిద్దిన లెక్కలో 11 శాతం తగ్గుదల కనిపించింది.

నాకు ఆ అధ్యయనంలో ఎక్కువగా గుచ్చుకునే అంకె వేరు. అందులోని వారి సగటు వయసు 59. ఆస్పత్రి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చున్న రోగి అందులో లేడు. ట్రెడ్‌మిల్ మీద నిలబడగలిగినవాళ్ళతో పరీక్ష పెట్టి, నిలబడలేనివాళ్ళకు ఫలితం ప్రకటించడం ఈ చరిత్ర పొడుగునా కనిపించే లోపం.

ఆ నిలబడలేనితనానికి కొలత 2001లో వచ్చింది. లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది. కోరకుండా బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే సత్తువ ఉడిగినట్టే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు సీసా మూత తీయలేకపోతే "వయసైపోయింది" అని సరిపెట్టుకుంటాం. ఆ పిడికిలిని ఒక యంత్రంతో కొలిచి అంకె వేయడం వల్ల, అది వైద్యుడు పట్టించుకోవాల్సిన విషయమైంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 2021లో డలేన్ కిట్జ్‌మన్ బృందం ప్రచురించిన రిహాబ్-హెచ్‌ఎఫ్‌తో సరైన మనుషులు పరీక్షలోకి వచ్చారు. 349 మంది, సగటు వయసు 73కు దగ్గర, అప్పుడే గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరినవారు. వారిలో 97 శాతం మంది సత్తువ ఉడిగినవారు, లేదా ఆ అంచున ఉన్నవారు. వీళ్ళను ట్రెడ్‌మిల్ ఎక్కించలేదు. ముందు తూలకుండా నిలబడటం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నాలుగడుగులు సాఫీగా వేయడం, ఆ తర్వాతే నడక పెంచడం. మొదలుపెట్టింది వార్డులోనే. మూడు నెలలకు 12 మార్కుల నడక పరీక్షలో వీరికి సగటున 8.3, మామూలు వైద్యం పొందినవారికి 6.9 వచ్చాయి. లెవైన్ రోగిని కుర్చీలోకి దించాడు. దాదాపు డెబ్బై ఏళ్ళకు కిట్జ్‌మన్ ఆ కుర్చీలోంచి లేపాడు. ఫలితాన్ని మరీ పొగడక్కర్లేదు. మళ్ళీ ఆస్పత్రిలో చేరడం తగ్గలేదు. చావులు వ్యాయామం వైపు 21, అటువైపు 16. ఆ తేడా యాదృచ్ఛికమే కావచ్చు, కానీ దాచాల్సింది కాదు.

అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2014లో గుండె వైఫల్యం రోగుల వ్యాయామ చికిత్సకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది, ఒక షరతుతో. గత ఆరు వారాల్లో ఆస్పత్రిలో చేరి ఉండకూడదు. సత్తువ వేగంగా జారిపోయేది సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే.

ఇక కంచం. 1997లో స్టీఫన్ ఆంకర్ 171 మంది గుండె వైఫల్యం రోగుల్ని గమనించాడు. నీరు లేని అసలు బరువులో 7.5 శాతానికి మించి కోల్పోయినవారిలో సగం మంది 18 నెలల్లో పోయారు. గుండె ఎంత దెబ్బతిందన్నదానితో సంబంధం లేకుండా, చిక్కిపోవడమే విడిగా ఒక ప్రమాదమని లెక్కతేలింది. తిండి పెడితే ఆగుతుందా? స్పెయిన్‌లో 2016లో వెలువడ్డ పిక్నిక్ అధ్యయనంలో పోషణ లోపించిన 120 మంది రోగుల్లో దాదాపు సగం మందికి ఆరు నెలలు ఆహారం సరిదిద్ది, అవసరమైతే పోషక పానీయాలిచ్చారు. ఏడాదిలో చావు లేదా గుండె వైఫల్యంతో తిరిగి చేరిక వీరిలో 27.1 శాతం, మామూలు వైద్యంలో 60.7 శాతం. ఇంత పెద్ద తేడా ఇంత చిన్న పరీక్షలో వస్తే నాకు కాస్త అనుమానమే. పెద్ద పరీక్షలో ఇది సగం నిలిచినా మేలే.

ఉప్పు విషయంలో 2022 నాటి సోడియం-హెచ్‌ఎఫ్ ఒక పాత నమ్మకాన్ని కదిపింది. ఆరు దేశాల్లో 806 మంది. కొందర్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపు సోడియంకు కట్టడి చేయాలని చూశారు. చావుల్లో, ఆస్పత్రి చేరికల్లో తేడా రాలేదు. అయితే కట్టడి లేనివారు తిన్నది కూడా 2,073 మిల్లీగ్రాములే. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ పక్కన పెట్టుకునే కంచానికి ఆ ఫలితం అంటదు. అలాగని చప్పిడి కూడు పెట్టి, ముద్ద దిగక ఆ మనిషి రెండు పిడచలతో లేచిపోతే, దిగిన నీటితో పాటు కండా పోతుంది. ఉప్పు తగ్గించిన పప్పులో నిమ్మరసం పిండి, రోజుకో గుడ్డో, గిన్నెడు పెరుగో, కాస్త చేపో చేర్చమని చీటీ మీద రాసే డాక్టరు అరుదు. మూత్రపిండాల సంగతి చూసి చెప్పాల్సిన మాట అది, ఎవరికి వారు తేల్చుకునేది కాదు.

మన దగ్గర ఆస్పత్రిలో చేరే రోగులు రిహాబ్-హెచ్‌ఎఫ్ వారి కన్నా చిన్నవాళ్ళు. 2013లో కేరళలో 1,205 మందితో నడిచిన తిరువనంతపురం రిజిస్ట్రీలో సగటు వయసు 61. ఏడాది తిరక్కుండానే దాదాపు 31 శాతం మంది పోయారు. ఇలాంటి చోట వారానికి మూడు రోజులు కేంద్రానికి రమ్మంటే ఆటో ఖర్చే అడ్డు. బ్రిటన్‌లో రీచ్-హెచ్‌ఎఫ్ బృందం 216 మందిలో దాదాపు సగం మందికి ఇంటికే డీవీడీ ఇచ్చింది. అందులో కుర్చీలో కూర్చునే చేసే కసరత్తు ఉంది, లేదంటే నడక పట్టిక ఉంది, ఇంట్లో చూసుకునే మనిషికి ఒక పుస్తకం ఉంది. వారి జీవన నాణ్యత మెరుగుపడింది. దానికి కావలసిన సామాను ఒక గట్టి కుర్చీ, అది గోడకు ఆనించి ఉంటే చాలు.