జపాన్ బోన్ చైనా: విలువ నిర్ణయంలో అడుగు ముద్రల సాక్ష్యం

1. ఉపోద్ఘాతం

పాత జపాన్ పింగాణీ పాత్ర చేతికి అందగానే సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న దాని వయస్సు ఎంత అని. పాతదైనకొద్దీ విలువ పెరుగుతుందన్న నమ్మకమే దీనికి మూలం. జపాన్ బోన్ చైనా విషయంలో ఈ నమ్మకం తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. పదార్థం, ముద్ర, స్థితి అనే మూడింటినీ కలిపి పరిశీలించాలనీ, వీటిలో ముద్రను చారిత్రక ఆధారంగా చదవాలనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదార్థ పరిశీలన

ఎముకల బూడిదను చీనామట్టితోనూ, రాతిపొడితోనూ కలిపి కాల్చగా వచ్చేది బోన్ చైనా. 18వ శతాబ్ది చివరలో ఇంగ్లండులో జోసయ్య స్పోడ్ దీనికి స్థిరమైన రూపం కల్పించాడు. జపానులో 1904లో నగోయా ప్రాంతంలోని నోరితాకే గ్రామంలో స్థాపితమైన నిప్పన్ తోకీ సంస్థ (నేటి నోరితాకే) 1932లో దీనిని తొలిసారిగా తయారుచేసింది. నరుమి సంస్థ 1965లో దీనిని పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయసాగింది.

వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు బోన్ చైనా పాలమీగడ వంటి వెచ్చని తెలుపుతో కాంతిని ప్రసరింపజేస్తుంది. అయితే పలుచని మేలురకం పింగాణీ కూడా కాంతిని ప్రసరింపజేయగలదు. కనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

3. ముద్రలు – చట్టాలు

అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి వస్తువులపై తయారీ దేశం పేరును తప్పనిసరి చేసింది. అందువల్ల 1891 నుంచి జపాన్ పాత్రలపై 'నిప్పన్' అనే దేశనామం కనిపిస్తుంది. అది జపనీయ పదమన్న కారణంతో 1921లో దాని స్థానంలో 'జపాన్' అని వ్రాయవలసి వచ్చింది. ఇందునుంచి ఒక ముఖ్యమైన నిర్ధారణ లభిస్తుంది. 1921కి ముందు 'నిప్పన్' అన్న దేశనామంతో వెలువడిన పాత్ర జపానులో తయారైన బోన్ చైనా కాజాలదు; అప్పటికి అక్కడ ఆ ఉత్పత్తే మొదలుకాలేదు. అయితే 'నిప్పన్ తోకీ కైషా' అన్న ముద్రలో ఆ పదం సంస్థ పేరులో భాగం. అది తరువాతి కాలపు బోన్ చైనాపై కూడా ఉండవచ్చు. ఈ భేదాన్ని గుర్తించకపోతే కాలనిర్ణయం తారుమారవుతుంది. పైగా 'నిప్పన్' ముద్రలకు నకళ్ళు కూడా ఉన్నాయి.

4. యుద్ధానంతర ముద్రలు

మిత్రరాజ్యాల ఆక్రమణ (1945–52) నాటి ఎగుమతి పాత్రలలో అనేకం 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' ముద్రతో వెలువడ్డాయి. ఓడిన దేశపు రాజకీయ స్థితి భోజనపు పళ్ళెం అడుగున నమోదైంది. ఆ కాలంలోనే యుద్ధపూర్వపు నాణ్యతను అందుకోలేకపోయిన నిప్పన్ తోకీ, 1946 నుంచి కొంతకాలం 'నోరితాకే' పేరును పక్కనపెట్టి 'రోజ్ చైనా' అనే ముద్రను వాడింది. నాణ్యత తగ్గిన సరుకుకు తన పేరు పెట్టకపోవడం ఆ పేరు విలువను కాపాడుకొనే ప్రయత్నం. పనితనం దృష్ట్యా ఈ పాత్రలు తక్కువస్థాయివి కావచ్చు. చరిత్ర సాక్ష్యంగా మాత్రం అమూల్యమైనవి.

5. ముగింపు

అంచు పగుళ్ళు, సన్నని బీటలు, అరిగిన బంగారు పూత, విడిపోయిన సెట్లు ధరను తగ్గిస్తాయి. కానీ ధర, చారిత్రక విలువ ఒకటే కావు. ముద్ర పాత్ర వయస్సుకు మాత్రమే గుర్తు కాదు. ఏ చట్టం, ఏ మార్కెట్టు, ఏ పరాజయం ఆ పాత్రను తీర్చిదిద్దాయో చెప్పే పత్రం కూడా. పాత్రను తిరగేసి ఆ పత్రాన్ని చదివిన తరువాతనే దాని విలువను గురించి మాట్లాడడం సమంజసం.