ఇంజిన్‌కి 1 మార్కు, ఛాసిస్‌కి 5

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది గుర్తుందా? "అక్కా, మా ఆయన పాత జీపు కొని దానికి వేరే బండి ఇంజిన్ పెట్టిస్తానంటున్నారు. ఇదేం పిచ్చి? లోకంలో ఎవరైనా ఇలా చేస్తారా?" అని. నవ్వే బొమ్మలు బోలెడు వచ్చాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. అదే పంచాయితీ మా ఇంట్లోనూ నడుస్తోంది మరి. మా గరాజ్‌లో 1970ల నాటి ల్యాండ్ రోవర్ ఒకటి కూర్చుని ఉంది. దాని 4 సిలిండర్ల ఇంజిన్ తీసేసి వి-8 ఇంజిన్ పెట్టాలని మా ఆయన కోరిక. దాచుకున్న డబ్బు ఒక పక్క, 17 ఏళ్ళు నిండి డ్రైవింగ్ నేర్చుకుంటున్న పిల్లాడు ఇంకో పక్క. "వద్దు" అనే ముందు అసలు సంగతేమిటో తెలుసుకుందామని డ్యూటీ లేని రోజుల్లో కూర్చుని చదివాను. చదివిందంతా మీకూ చెబుతున్నాను. రేపు మీ ఇంట్లో ఈ మాట వస్తే పనికొస్తుంది.

మొదటి సంగతి ఏమిటంటే, ఇది ఈనాటి పిచ్చి కాదు. ల్యాండ్ రోవర్ పుట్టిందే ఇంజిన్ మార్పిడితో.

అమెరికా సైన్యం కోసం 1941 నుంచి విల్లీస్ కంపెనీ జీపులు తయారు చేసింది. వాటిలో "గో డెవిల్" అని 60 హార్స్‌పవర్ ఇంజిన్ ఉండేది. యుద్ధం అయిపోయాక మిగిలిన జీపులు రైతుల చేతికి వచ్చాయి. ఇంగ్లండులో రోవర్ కార్ల కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్‌కి వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో పొలం ఉండేది, అక్కడి పనులకి ఆయన అలాంటి జీపునే వాడేవాడు. ఇలాంటి బండి మనమే ఎందుకు తయారు చేయకూడదు అనుకున్నాడు. 1947లో చేసిన మొదటి నమూనా ఎలా ఉందో తెలుసా? కింద జీపు ఛాసిస్, దాని మీద రోవర్ కారు ఇంజిన్, రోవర్ గేర్‌బాక్స్. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ల్యాండ్ రోవర్‌ని లోకానికి చూపించారు. అప్పటికి ఛాసిస్ కూడా సొంతమే. కానీ మొదటి అడుగు పడింది మాత్రం పక్కింటి ఛాసిస్ మీదే.

అమెరికాలోనేమో జీపు కొన్నవాళ్ళకి దాని బలం చాలలేదు. పొలంలో, బురదలో బాగానే లాగేది. హైవే ఎక్కి కొండ ఎదురైతే వెనక లారీలు హారన్లు కొట్టేవి. దాంతో చేతిలో పనున్నవాళ్ళు ఫోర్డ్ వి-8, షెవర్లే ఇంజిన్లు తెచ్చి జీపుల్లో బిగించుకోవడం మొదలుపెట్టారు. ఇది చూసి కంపెనీ కూడా ఆలోచనలో పడింది. ఇక్కడి నుంచి కథ ఒకే పుట్టింటి ఇద్దరు అక్కాచెల్లెళ్ళది.

జనరల్ మోటార్స్ వాళ్ళ బ్యూక్ విభాగం 1961 మోడల్ కార్ల కోసం అల్యూమినియంతో 3.5 లీటర్ల వి-8 ఇంజిన్ తయారు చేసింది. 8 సిలిండర్లున్నా బరువు 150 కిలోల లోపే. అయితే అల్యూమినియం పోత పోయడం ఖర్చుతో కూడిన పని, చాలా పోతలు పాడయ్యేవి. కూలింగ్ నీళ్ళలో సరైన మందు కలపకపోతే లోపల తుప్పులాంటిది పట్టి రేడియేటర్లు మూసుకుపోయేవి. 1963 మోడళ్ళతో దాన్ని ఆపేశారు. ఈలోగా అదే నమూనాలోంచి 2 సిలిండర్లు తగ్గించి, చవకగా పోత ఇనుముతో వి-6 చేశారు. అది 1962లో వచ్చింది. కొంచెం వణుకుతుంది, కానీ గట్టి పిండం.

ఆ వి-6 జీపు ఇంటికి వెళ్ళింది. అప్పటికి జీపు యజమాని కైజర్ కంపెనీ. 1965లో వాళ్ళు సిజె-5 జీపులో ఈ బ్యూక్ ఇంజిన్ పెట్టి "డాంట్‌లెస్" అని పేరు పెట్టారు. పాత ఇంజిన్ 75 హార్స్‌పవర్ అయితే ఇది 160. బాగా అమ్ముడుపోయింది. 1967లో ఆ ఇంజిన్ తయారు చేసే యంత్రాలన్నీ బ్యూక్ దగ్గర కొనేసి ఒహాయో రాష్ట్రంలోని టొలీడోకి తెచ్చుకున్నారు. 1970లో జీపు మళ్ళీ చేతులు మారి అమెరికన్ మోటార్స్‌ది అయింది. వాళ్ళకి సొంతంగా 6 సిలిండర్లు వరసగా ఉండే ఇంజిన్ ఉంది. కానీ అది పొడుగు, జీపు బానెట్ కింద పట్టదు. అప్పుడేం చేశారంటే, 1972 మోడల్‌కి జీపు ముందు భాగాన్నే దాదాపు 3 అంగుళాలు పొడిగించారు. ఇంజిన్ కోసం బండినే సాగదీశారన్నమాట! వి-6 యంత్రాలు ఒక మూల పడ్డాయి.

1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చింది. పెట్రోలు బంకుల ముందు క్యూలు. పెద్ద ఇంజిన్ల కార్లు తప్ప ఇంకోటి లేని బ్యూక్‌కి తమ పాత చిన్న ఇంజిన్ గుర్తొచ్చింది. 1974లో ఆ యంత్రాల్ని వెనక్కి కొనుక్కున్నారు. పెళ్ళి చేసి పంపిన పిల్ల పుట్టింటికి వచ్చి ఇల్లు నిలబెట్టినట్టు, అదే ఇంజిన్ 3.8 లీటర్లకి పెరిగి, వణుకు సరిచేయించుకుని, రకరకాల మార్పులతో 2008 దాకా నడిచింది.

ఇక రెండో పిల్ల, పుట్టింటివాళ్ళు వద్దనుకున్న అల్యూమినియం వి-8. దాని కథ సముద్రం దాటింది. రోవర్ మేనేజింగ్ డైరెక్టర్ విలియం మార్టిన్-హర్స్ట్ ఇంకేదో వ్యాపారం పని మీద అమెరికాలో పడవల ఇంజిన్లు చేసే మెర్క్యురీ కంపెనీకి వెళ్ళి, అక్కడి వర్క్‌షాపులో ఈ ఇంజిన్ని చూశాడు. చిన్నది, తేలిక, రోవర్ కార్లలో ఇట్టే పట్టేస్తుంది. అడిగి, బతిమాలి, 1965 జనవరిలో హక్కులు కొన్నారు. దాన్ని రూపొందించిన బ్యూక్ ఇంజినీరు జో టర్లే రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్నాడు. ఆయన్నీ ఇంగ్లండుకి పిలిపించుకున్నారు. అమెరికాలో చేసిన పద్ధతి ఇక్కడ కుదరదని పోత పోసే తీరే మార్చేశారు. 1967లో రోవర్ కారులో, 1970లో రేంజ్ రోవర్‌లో ఆ ఇంజిన్ వచ్చింది. ల్యాండ్ రోవర్ బండ్లలో 2004 దాకా కొనసాగింది. పుట్టినచోట మూడేళ్ళు, వచ్చినచోట దాదాపు నలభై ఏళ్ళు! మా ఆయన తెస్తానంటున్నది ఈ ఇంజిన్నే.

ఇంతవరకూ చదివి "సరే, కంపెనీలే చేశాయి కదా, మనం చేస్తే తప్పేంటి" అని మా ఆయన అన్నారు. ఇక్కడే అసలు విషయం ఉంది. కంపెనీలు ఇంజిన్ ఒక్కటే మార్చలేదు.

దీనికి చిన్న లెక్క చెబుతాను, భయపడకండి. ఇంజిన్ తిప్పే బలం నేరుగా చక్రానికి వెళ్ళదు. మధ్యలో గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, చివర యాక్సిల్ గేర్లు ఉంటాయి. ఒక్కొక్కటీ వేగం తగ్గించి బలం పెంచుతుంది. ఆనాటి సైనిక జీపులో మొదటి గేరు 2.66 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ తక్కువ గేరు 1.97 రెట్లు, యాక్సిల్ 4.88 రెట్లు పెంచేవి. మూడూ హెచ్చవేస్తే 25 దాటుతుంది. అంటే ఇంజిన్ దగ్గర తిప్పే బలం ఎంతుంటే, చక్రం దగ్గరికి వచ్చేసరికి దానికి 25 రెట్లు. గో డెవిల్ ఇంజిన్ బలం ఉన్నచోట అంతకి రెండింతల బలమున్న వి-6 పెడితే, ఆ పెరిగింది కూడా 25 రెట్లయి యాక్సిల్ షాఫ్టు మీద పడుతుంది. వార్డులో మనకి తెలియనిదా? పంపు జోరు పెరిగితే ముందు పగిలేది పంపు కాదు, బలహీనంగా ఉన్న గొట్టం. పాత ల్యాండ్ రోవర్లకి వెనక యాక్సిల్ షాఫ్టులు విరగడం అసలు ఇంజిన్‌తోనే పేరుపడిన జబ్బు.

రేంజ్ రోవర్ చేసిన స్పెన్ కింగ్ బృందం ఇది ముందే చూసింది. వి-8 బలమంతా వెనక చక్రాల మీదే వేస్తే వెనక యాక్సిల్ మరీ బరువుగా చేయాలి. అందుకని ఎప్పుడూ 4 చక్రాలూ తిరిగే ఏర్పాటు పెట్టి బలాన్ని ముందుకీ వెనక్కీ పంచారు. 4 చక్రాలకీ డిస్క్ బ్రేకులు పెట్టారు. తర్వాత 1979లో మా బండిలాంటి సిరీస్ 3 ల్యాండ్ రోవర్‌లోనే కంపెనీ వి-8 పెట్టింది. "స్టేజ్ వన్" అంటారు దాన్ని. దానికి రేంజ్ రోవర్ గేర్‌బాక్స్ వేశారు, వెనక బలమైన యాక్సిల్ వేశారు, ఇంజిన్ పట్టడానికి ముందు జాలీని ముందుకి జరిపారు. ఇవన్నీ చేసి కూడా, 130కి పైగా హార్స్‌పవర్ ఇవ్వగల ఇంజిన్ గొంతు నొక్కి 91కి తగ్గించారు. తయారు చేసినవాళ్ళకే ఆ భయం ఉందంటే, వారాంతంలో పాన పట్టుకునే మనవాళ్ళకి ఇంకెంత ఉండాలి?

మన దేశంలోనూ ఈ కథ ఉంది. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలైంది. ఆ జీపు పెట్రోలు తాగేది. 1973 తర్వాత పెట్రోలు ధర పెరిగేసరికి అందరి చూపూ డీజిల్ మీద పడింది. అప్పటికే ట్రాక్టర్లకి వాడుతున్న ఇంటర్నేషనల్ డీజిల్ ఇంజిన్ని 1970ల్లో జీపులో పెట్టారు. తర్వాత ఫ్రాన్స్ నుంచి ప్యూజో డీజిల్ ఇంజిన్ లైసెన్సు తెచ్చుకుని ఇగత్‌పురిలో తయారు చేశారు. 1980ల్లో వచ్చిన ఎంఎం 540 అనే జీపులో ఉన్నది అదే. ముఖం అమెరికాది, గుండె ఫ్రాన్స్‌ది, కింద తిరిగింది మన మట్టి రోడ్డు.

పాత పెట్రోలు జీపులున్నవాళ్ళు ఊళ్ళలో షెడ్డు మేస్త్రీల దగ్గర డీజిల్ ఇంజిన్లు వేయించుకున్నారు. మీ నాన్నగారో బాబాయిగారో వేయించే ఉంటారు, అడిగి చూడండి. "డీజిల్ వేయించాక బండి పరిగెత్తలేదమ్మా, గోల మాత్రం పెరిగింది" అంటారు. దానికీ కారణం లెక్కే. పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే 4.88 యాక్సిల్‌తో, ఆ సైజు చక్రాలతో గంటకి 110 కిలోమీటర్ల దాకా వస్తుంది. అదే యాక్సిల్ ఉంచి 2,400 చుట్లే తిరిగే డీజిల్ ఇంజిన్ పెడితే 66 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంజిన్ మార్చారు, దాని నడకకి తగ్గట్టు యాక్సిల్ గేర్లు మార్చలేదు. తప్పు ఇంజిన్‌ది కాదు.

చట్టం కూడా ఇదే మాట ఇంకోలా చెబుతుంది. ఇండియాలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇక్కడ బ్రిటన్‌లో డివిఎల్ఏ చాలా ఏళ్ళపాటు మార్కుల పద్ధతి నడిపింది. మార్చిన బండికి పాత నంబరే ఉండాలంటే 8 మార్కులు రావాలి. పాతది అలాగే ఉంటే ఛాసిస్‌కి 5, సస్పెన్షన్‌కి 2, యాక్సిల్స్‌కి 2, గేర్‌బాక్సుకి 2, స్టీరింగ్‌కి 2, ఇంజిన్‌కి 1. ఆ పట్టిక చూసి చాలాసేపు ఆలోచించాను. అందరి కళ్ళూ ఉండేది ఇంజిన్ మీద. బండి ఏదో తేల్చడంలో దాని వాటా ఒక్క మార్కు.

అందుకని చెల్లీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. చేస్తారు, ఎనభై ఏళ్ళ నుంచి చేస్తున్నారు, అది పిచ్చి కాదు. కానీ మీ ఆయన్ని ఈ ప్రశ్నలు అడుగు. కొత్త ఇంజిన్ బలానికి గేర్‌బాక్సు ఆగుతుందా? యాక్సిల్ ఆగుతుందా? బ్రేకులు ఏం చేస్తున్నారు? ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిపోతుందా? రేడియేటర్ చాలుతుందా? ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పారా? వీటన్నిటికీ కాగితం మీద జవాబూ, పక్కన ఖర్చూ రాసి ఇస్తే అప్పుడు మాట్లాడు. ఇంజిన్ ధర ఒక్కటే చెబితే అది సగం లెక్క.

మా ఇంట్లో ఆ కాగితం రాశారు. రాస్తుంటే ఇంజిన్ ధర కంటే కింది వరసల మొత్తం ఎక్కువైంది. మా ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందు బ్రేకులు చేయిద్దాంలే" అన్నారు. బ్రేకులకి డబ్బు నేనే ఇచ్చాను. వి-8 సంగతి వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాం. ఈలోగా పిల్లాడు ఆ పాత 4 సిలిండర్ల ఇంజిన్‌తోనే క్లచ్ వదలడం నేర్చుకుంటున్నాడు.