శాసనసభా ప్రశ్నలు (గోకుంద ప్రాంతం)

గోకుంద మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు. పూర్వం హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన ఈ తాలూకా 1956లో బొంబాయి రాష్ట్రంలోనూ, 1960 మే 1న ఏర్పడిన మహారాష్ట్రలోనూ చేరినందున, ఇక్కడి ప్రజల తరఫున ప్రభుత్వాన్ని ప్రశ్నించే బాధ్యత 288 మంది సభ్యులున్న విధానసభలో కిన్వట్ నియోజకవర్గ ప్రతినిధిది.

రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు ప్రజారోగ్యం, పోలీసు, స్థానిక పాలన వంటి అంశాలను రాష్ట్రానికి అప్పగించింది కనుక ఆసుపత్రిలో వైద్యుల కొరత గురించి ఆరోగ్యమంత్రిని సభలో అడగవచ్చు. కిన్వట్ మీదుగా సాగే ముద్ఖేడ్–ఆదిలాబాద్ రైలుమార్గం కేంద్ర విషయం కనుక ఆ ప్రశ్నకు చోటు పార్లమెంటే. మంత్రి సభలో మౌఖికంగా జవాబిచ్చే తారాంకిత ప్రశ్నకు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు, నక్షత్రపు గుర్తు లేని దానికి లిఖితపూర్వక సమాధానమే వస్తుంది. అత్యవసర ప్రజాసమస్యపై మంత్రి ప్రకటన కోరే సావధాన తీర్మానాన్ని మరాఠీలో లక్షవేధి సూచన అంటారు. వీటన్నిటిలో అనుబంధ ప్రశ్నే పదునైనది, ఎందుకంటే అధికారులు ముందే రాసిచ్చిన జవాబును దాటి మంత్రి అక్కడికక్కడే వివరణ ఇవ్వవలసి వస్తుంది.

ఈ ప్రాంతపు వెనుకబాటుపై చర్చకు మరో ఆధారం రాజ్యాంగపు 371(2) అధికరణం. దాని కింద, నాందేడ్ జిల్లా కూడా ఉన్న మరాఠ్వాడాకు 1994లో ఏర్పడిన అభివృద్ధి మండలి పనితీరుపై ఏటా నివేదికను శాసనసభ ముందుంచవలసి ఉండేది. ఆ మండలి గడువు 2020 ఏప్రిల్ 30న ముగిసింది.