కరీంనగర్ కాన్పుల గదిలో మిడ్‌వైఫరీ

మామూలు కాన్పును నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ రొమ్ము పట్టేదాకా శిక్షణ పొందిన నర్సే దగ్గరుండి నడిపే పద్ధతి మిడ్‌వైఫరీ. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి 2017లో కరీంనగర్ సర్కారు దవాఖానలో 30 మంది స్టాఫ్‌నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. దేశమంతటికీ కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించింది 2018 డిసెంబరులో. కరీంనగర్ జిల్లాకు మిడ్‌వైఫరీ అవసరమెంతో ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూపింది: ఇక్కడి కాన్పుల్లో 82.4 శాతం పెద్దాపరేషన్లే. దేశం మొత్తం మీద అవి 21.5 శాతం.

ఇంత తేడాకు కారణం తల్లుల శరీరాల్లో లేదు, కాన్పును చూసే తీరులో ఉంది. 1955లో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 500 మంది తొలిచూలు స్త్రీల కాన్పులను గ్రాఫుగా గీశాడు. ఆ దారిలోనే గర్భాశయ ముఖం గంటకు సెంటీమీటరైనా తెరుచుకోవాలన్న కొలత స్థిరపడింది. మెల్లగా సాగితే సూదిమందు, ఆపైన కత్తి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కొలతను పక్కనపెట్టింది. నొప్పులు జోరందుకునేది ఐదు సెంటీమీటర్ల దగ్గరేననీ, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే ఆలస్యమొక్కటే జోక్యానికి కారణం కాకూడదనీ చెప్పింది. తల్లికి గంటలకొద్దీ వెసులుబాటు దొరికింది. ఆ గంటల్లో పక్కన ఎవరో ఉండాలి కదా! మిడ్‌వైఫ్ పొట్ట మీద అరచెయ్యి ఆనించి నొప్పి ఎంతసేపుందో లెక్కపెడుతుంది. అది తగ్గగానే డాప్లర్ పెట్టి బిడ్డ గుండెచప్పుడు వింటుంది. తల్లిని నడిపిస్తుంది, నడుము రుద్దుతుంది.

ఆపరేషన్ల వల్లే తల్లుల మరణాలు తగ్గాయన్న వాదన ఉంది. రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 2014–16లో 81గా ఉన్న ప్రసూతి మరణాలు 2018–20 నాటికి 43కు దిగిన మాట నిజం. అయితే అదే కాలంలో కేరళలో అవి 19. ఐదో జాతీయ సర్వే ప్రకారం అక్కడ ఆపరేషన్లు 38.9 శాతమే. పైగా పాత కోత మచ్చ మీద మాయ అతుక్కుంటే మలికాన్పులో ప్రాణాంతకమైన రక్తస్రావం జరగొచ్చు. ముహూర్తం చూసి కోయించుకునే కుటుంబాలకు ఈ సంగతి ముందే చెప్పడం వైద్యుల బాధ్యత. మిడ్‌వైఫరీ వస్తే ఆపరేషన్లు వాటంతటవే పడిపోతాయనడమూ సరికాదు: వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్షలో (2024) ఆ తగ్గుదల స్వల్పమే, అందులోని పరిశోధనలు కూడా ఎక్కువగా సంపన్న దేశాలవి. మిడ్‌వైఫ్ పని అన్నిచోట్లా ఒకటే కాదు కూడా: ఉమ్మడి ఆదిలాబాద్‌లోని ఆసిఫాబాద్ జిల్లాలో అదే సర్వే ప్రకారం పెద్దాపరేషన్లు 27 శాతమే, కానీ వాగు పొంగితే గూడెం నుంచి దవాఖానకు దారే ఉండదు. అక్కడ మిడ్‌వైఫ్ ముఖ్యంగా చేయాల్సింది ప్రమాదాన్ని ముందే పసిగట్టి, దారి తెగకముందే తల్లిని ఆపరేషన్ థియేటర్ ఉన్న చోటికి పంపడం.