డొంక రోడ్డు, ఆటోనగరు, నా సైకిలు



పొలాల నడుమ సాగే బండిదారిని మా కృష్ణా తీరాన డొంక అంటాము. గోదావరి సీమవారు పుంత అంటారు. విజయవాడ పటమటలో డొంక రోడ్డు అన్న పేరు నేటికీ వినబడుతుంది. ఎడ్లబండి, సైకిలు, కాలినడక మనిషి ఒకే దారిన తగవు లేక సాగిన కాలపు గుర్తు అది. ఆటోనగరు చరిత్ర ఆ కాలపు చివరన మొదలవుతుంది.

మద్రాసు నుండి కలకత్తా పోయే దారీ, హైదరాబాదు నుండి బందరు పోయే దారీ కలిసే ఊరు కనుక బెజవాడకు లారీలు వచ్చాయి. వాటి వెంట మరమ్మతు షెడ్లు వచ్చాయి. ఇళ్ళ మధ్య సుత్తి దెబ్బలు, రంగుల ఘాటు పెరిగాయి. 1960లలో ఈ పనులన్నిటికీ ఊరి వెలుపల, బందరు రోడ్డుకు చేరువలో ఒక పేట వెలసింది. నెహ్రూ పేరు మీద జవహర్ ఆటోనగర్ అన్నారు. ప్రజారోగ్య దృష్టితో చూస్తే మంచి పనే. షెడ్లు ఊరి బయటికి వెళ్ళాయి. వాటిలో బాగుపడిన బండ్లు మాత్రం తిరిగి ఊళ్ళోకే వచ్చాయి.

1980లలో ఆ పరిసరాల బడిలో నేను తెలుగు పండితుడిగా చేరాను. ఉదయం ఆటోనగరు గేటు వద్ద సైకిళ్ళు ఏరులా పారేవి. ప్రతి హ్యాండిలుకూ ఒక క్యారేజీ. లారీలకు ప్రాణం పోసే పనివారు తాము సైకిలు తొక్కో, నడిచో వచ్చేవారు. వారి పిల్లలే నా శిష్యులు. సంధి సూత్రం రాని కుర్రవాడు గేరుబాక్సులోని భాగాలను తడుముకోకుండా చెప్పేవాడు!

తరువాత కానూరు, పోరంకి ఊరిలో కలిసిపోయినట్లయినవి. వెలుపలి పేట నడిమి పేట అయింది. దారులు వెడల్పయ్యాయి, నడుమ డివైడర్లు లేచాయి. బెంజి సర్కిల్ మీద మొదటి వంతెనపై 2020లో, రెండవదానిపై 2021లో రాకపోకలు మొదలయ్యాయి. దూరం పోయేవారికి మేలే, కాదనను. కింద రోడ్డు దాటవలసినవాడి మాట వేరు.

లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటె, కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. నేను సైకిలు అమ్మి స్కూటరు కొన్నది 1996లో. చక్కెర జబ్బు బయటపడినది 2009లో. ఒకటి రెండవదానికి కారణమని వాదించను. పండితుడనే గాని వైద్యుడను కాను. కాని వైద్యుడు మాత్రం నడవమన్నాడు. ఎక్కడ నడవాలో చెప్పలేదు.

రోడ్లు వాహనాల కోసం గాక మనుషుల కోసమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు అన్నది. బందరు రోడ్డు అంచున, నిలిపిన బండ్లకూ మురుగుకాలువకూ నడుమ నడుస్తూ ఆ మాటలు తలచుకుంటూ ఉంటాను.

మొన్న అక్కడే ఒక పాత శిష్యుడు కనిపించాడు. లారీ బాడీలు కట్టే పని.

"ఏరా, సైకిలేదీ?"

"మానేశాను మాస్టారూ. డివైడరు సందులో బండి తగిలింది. ఇంట్లో ఊరుకోవడం లేదు. ఇప్పుడు రానూ పోనూ ఆటోయే."

నా చేయి పట్టుకుని, రెండవ చేయి లారీల వైపు చాచి, నన్ను అవతలి ఒడ్డుకు చేర్చాడు. తిరిగి వెళ్ళడానికి ఒంటరిగా చాలాసేపు నిలబడ్డాడు.