ఆ చేతులు ఎవరివి?



మా అమ్మమ్మగారి ఊళ్ళో పెరటి గోడ నిండా పిడకలు కొట్టి వుండేవి. సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లలమందరం ఆ గోడ ముందు నిలబడి, "ఇది అమ్మమ్మ కొట్టింది, అది పెద్దత్తయ్య కొట్టింది" అని పందాలు వేసుకునేవాళ్ళం. అమ్మమ్మది పొట్టి చెయ్యి, వేళ్ళు దగ్గర దగ్గరగా పడేవి. అత్తయ్యది బారు చెయ్యి, చిటికెన వేలు కాస్త వంకర. మనిషి ఎదురుగా లేకపోయినా ముద్రని చూసి మనిషిని చెప్పెయ్యవచ్చునన్న మాట. ఇవాళ నేను చెప్పబోయేది కూడా అలాంటి ముద్రల సంగతే. కాకపోతే ఆ గోడలు కొండగుహలవి, ఆ చేతులు వేల యేళ్ళ కిందటివి.

అంతకన్నా ముందు ఒక తండ్రీ కూతుళ్ళ కథ చెప్పాలి.

స్పెయిన్ దేశంలో ఉత్తరాన అల్టామిరా అనే గుహ వుంది. 1868లో ఒక వేటగాడి కంటపడింది. ఆ ప్రాంతంలో మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా అని ఒక భూస్వామి వుండేవాడు. పాతకాలపు రాతి పనిముట్లూ, ఎముకలూ పోగు చెయ్యడం ఆయనకి సరదా. 1878లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకి వెళ్ళి, ఆదిమానవులు చెక్కిన చిన్న చిన్న బొమ్మలు చూసి వచ్చాడు. ఆ ఉత్సాహంతో 1879లో ఈ గుహలో నేల తవ్వడం మొదలుపెట్టాడు. వెంట ఎనిమిదేళ్ళ కూతురు మరియా వుంది. నాన్నగారు తల వంచుకుని మట్టిలో వెతుకుతూ వుంటే పిల్ల ఎంతసేపని ఊరుకుంటుంది? మెల్లిగా లోపలికి వెళ్ళింది. అక్కడ కప్పు బాగా కిందికి వుంది. పెద్దవాళ్ళయితే నడుం వంచి నడవాలి, పైకి చూడడానికి వీలుండదు. పిల్ల హాయిగా నిటారుగా నిలబడి తల ఎత్తింది. "నాన్నా, ఎద్దులు!" అని కేకేసిందట.

అవి ఎద్దులు కావు, అడవి దున్నలు. గుంపుకి గుంపు కప్పు మీద వున్నాయి. కొన్ని నిలబడినవి, కొన్ని కాళ్ళు ముడుచుకుని పడుకున్నవి. ఒళ్ళంతా ఎర్రమన్ను రంగు, చుట్టూ బొగ్గుతో గీసిన నల్లగీత. రాయి ఎక్కడ సహజంగా ఉబ్బి వుందో అక్కడే దున్న పొట్టా, మూపూ వచ్చేటట్టు వేశారు. దీపం కదిలిస్తే దున్న కదిలినట్టే వుంటుంది. సుమారు పదిహేను వేల యేళ్ళ నాటి పని అది.

సౌతువోలా 1880లో ఈ సంగతి చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. పండితులు నవ్వారు. బట్ట కట్టడం కూడా సరిగా తెలియని మనిషి ఇంత బొమ్మ ఎలా వేస్తాడన్నారు. ఫ్రాన్సు దేశపు పెద్ద పండితుడు కార్తయ్యాక్ అయితే కొట్టిపారేశాడు. సౌతువోలా ఆదరించిన ఒక మూగ చిత్రకారుడు వుండేవాడు. అతని చేత దొంగచాటుగా వేయించాడనే నింద కూడా పుట్టింది. మరొక ఆక్షేపణ ఏమిటంటే, చీకటి గుహలో దీపం లేకుండా బొమ్మ వెయ్యలేరు కదా, మరి కప్పుకి మసి ఏదీ అని. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేతి దీపానికీ కిరసనాయిలు బుడ్డికీ తేడా ఆ మహానుభావులు ఇంట్లో ఆడవాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళు! ఆనాటివాళ్ళు జంతువుల కొవ్వుతో దీపం పెట్టుకునేవారు. మూలగలోని కొవ్వు మండితే మసి అట్టే రాదు. ఫ్రాన్సులో లాస్కో గుహలో అచ్చం మన ప్రమిదలాంటి రాతి దీపం, పిడితో సహా దొరికింది.

సౌతువోలా 1888లో పోయాడు. అబద్ధాలకోరు అన్న మాట మోసుకునే పోయాడు. ఆ తరువాత 1895లోనూ, 1901లోనూ ఫ్రాన్సులోనే అలాంటి గుహలు ఒకటొకటిగా బయటపడ్డాయి. ఇక తప్పలేదు. 1902లో కార్తయ్యాక్ "తప్పు నాదే" అని పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు. పెద్దమనిషి తరహాయే, కాదనను. కాని ఆ మాట వినవలసిన మనిషి పోయి అప్పటికి పధ్నాలుగేళ్ళు.

మన దేశంలో అయితే ఇంకా ముందే, 1867-68లో, కార్లైల్ అనే పురాతత్త్వ ఉద్యోగి మీర్జాపూర్ కొండల్లో ఇలాంటి బొమ్మలు చూసి, ఇవి చాలా పాతవని గ్రహించాడు. ఆయన వ్రాసుకున్న కాగితాలు ఎవరి దగ్గరో వుండిపోయి 1906లో గాని అచ్చు మొహం చూడలేదు.

సరే, ఈ బొమ్మలెందుకు వేశారు? వేట కలిసి రావాలని వేశారని చాలాకాలం చెప్పుకున్నారు. లాస్కో గుహని 1940లో కనిపెట్టారు. అక్కడ వాళ్ళు తిని పారేసిన ఎముకలు చూస్తే దాదాపు అన్నీ రెయిన్‌డీర్ అనే మంచుదేశపు దుప్పివి. గోడల మీద చూస్తే గుర్రాలు, ఎద్దులు, లేళ్ళు! దుప్పి ఒక్కటంటే ఒక్కటి. అంటే వండుకున్నది వేరు, గోడకెక్కించినది వేరు. మనం మాత్రం, రోజూ పప్పు వండుతున్నామని గుమ్మం ముందు కందిచెట్టు ముగ్గు వేస్తామా? ఏదో తలుచుకుని తామరపువ్వు వేస్తాం. వాళ్ళు ఏం తలుచుకున్నారో గాని, తలుచుకున్నది కడుపు ఒక్కటే కాదు.

ఇదంతా తెల్లవాళ్ళ దేశాల సొత్తు అనుకోకండి. ఇండొనేషియాలో సులవేసి దీవిలో ఒక అడవిపంది, దాని చుట్టూ మనుషులు వున్న బొమ్మ కనీసం 51,200 యేళ్ళ నాటిదని 2024లో తేల్చారు. మన మధ్యప్రదేశ్‌లో భీంబేట్కా రాతి ఆశ్రయాలను 1957లో వాకంకర్‌గారు రైల్లో పోతూ దూరాన కొండల వరస చూసి, దిగి వెళ్ళి కనిపెట్టారు. అక్కడ చేతులు పట్టుకుని వరసగా ఆడేవాళ్ళు, తేనె తీసేవాళ్ళు, ఇంటి పనుల దృశ్యాలు కూడా వున్నాయి. 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కడప జిల్లా చింతకుంట, కర్నూలు వైపు కేతవరం, తెలంగాణలో భూపాలపల్లి ప్రాంతపు పాండవుల గుట్ట, వీటిలోనూ ఎర్రరంగు బొమ్మలున్నాయి. భీంబేట్కా అంటే భీముడు కూర్చున్న చోటు. ఇక్కడేమో పాండవుల గుట్ట. ఎవరు వేశారో తెలియకపోతే పాండవుల ఖాతాలో వెయ్యడం మనవాళ్ళకి అలవాటే!

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. ఫ్రాన్సు, స్పెయిన్ గుహల్లో జంతువులతోపాటు మనుషుల చేతులు కనిపిస్తాయి. అరచెయ్యి గోడకి ఆనించి, ఎర్రమన్ను నీళ్ళు నోట పట్టి ఊదేవారు. లేదా బోలు ఎముకతో చిమ్మేవారు. చెయ్యి తీసేస్తే చుట్టూ ఎరుపు, మధ్య ఖాళీ చెయ్యి. మగవాళ్ళే వేటాడారు, మగవాళ్ళే వేశారు అని వందేళ్ళు పుస్తకాలు వ్రాస్తూ వచ్చాయి. 2013లో డీన్ స్నో అనే అమెరికా పురాతత్త్వవేత్త ఎనిమిది గుహల్లోని 32 చేతులు కొలిచాడు. ఒకసారి మీ చెయ్యి చూసుకోండి. ఆడవాళ్ళకి చూపుడువేలు, ఉంగరపువేలు సాధారణంగా దాదాపు సమానం. మగవాళ్ళకి ఉంగరపువేలు పొడుగు. ఆ లెక్కన 32లో 24 ఆడవాళ్ళవని ఆయన అన్నాడు. ఈ కొలతలు ఒప్పుకోనివాళ్ళు వున్నారు. ఎదిగే మగపిల్లల చేతులు కావచ్చునంటారు. కావచ్చు. కాని ఆ గుహల్లోకి మగాళ్ళు తప్ప ఎవరూ అడుగుపెట్టలేదన్న మాట మాత్రం ఇక చెల్లదు.

ఎందుకంటే పిల్లలు కూడా వెళ్ళారు. ఫ్రాన్సులో రుఫిన్యాక్ గుహలో మెత్తని గోడల మీదా, కప్పు మీదా వేళ్ళతో లాగిన గీతలున్నాయి. వేళ్ళ వెడల్పులు కొలిచి చూస్తే వాటిలో చాలా చిన్నపిల్లలవని తేలింది. అందరికన్నా ఎక్కువ గీసినది అయిదేళ్ళ ఆడపిల్ల అయి వుంటుందని 2011లో చెప్పారు. కొన్ని గీతలు ఆ వయసు పిల్లకి అందనంత ఎత్తున వున్నాయి. ఎవరో ఆ చీకట్లో పిల్లని భుజాలకెత్తుకుని, కప్పు దాకా చెయ్యి అందించారు.