నోబుల్ దొర తప్పించుకున్న ప్రశ్న

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరు దొరలు బందరు చేరారు. ఒకాయన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, కేంబ్రిడ్జిలో చదివినవాడు. రెండో ఆయన హెన్రీ వాట్సన్ ఫాక్స్, ఆక్స్‌ఫర్డ్ చదువు. నేను ఆ బందరు రేవు గిలకలదిండి వాణ్ణి. సీఎస్ఐ సంఘంలో పుట్టి, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా సంఘంలో నోబుల్ పేరెత్తితే దండం పెట్టేవాళ్ళే గాని, ఆయన ఎవరితో వాదించాడు, ఎక్కడ నెగ్గాడు, ఎక్కడ జారుకున్నాడు అని అడిగేవాళ్ళు కనబడరు. నాకు మాత్రం జారుకున్న చోటే ముఖ్యం.

ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ తెలుగు నేర్చి బజారుల్లో, తిరనాళ్ళలో నిలబడి చెప్పేవాడు. చుట్టూ చేరినవాళ్ళు ఊరికే వినేవాళ్ళా! అన్ని దారులూ ఒక్క దేవుడి దగ్గరికే పోతుంటే మీ దారే ఎందుకు? అంతా చేయించేది ఆయనే అయితే పాపం మాత్రం మాదెట్లా అవుతుంది? మధ్యలో ఈ మధ్యవర్తి ఏమిటి? ఆ కాలపు పాదిరీల రాతల్లో ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. రెండో ప్రశ్న ఆషామాషీది కాదు, వేదాంతం ఒంటబట్టిన ఊరు అడిగే ప్రశ్న. పాదిరీలు దానికి మనస్సాక్షిని సాక్ష్యానికి పిలిచేవారు: దొంగతనం చేసినవాడు చీకట్లో ఎందుకు దాక్కుంటాడని. బజారులో అది బాగానే చెల్లుతుంది. పండితుడి అరుగు మీద చెల్లదు.

ఫాక్స్ ఎక్కువ కాలం లేడు. 1845లో భార్య పోయింది. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళి 1848లో కన్నుమూశాడు. అప్పటికి ముప్పై ఒక్కేళ్ళు. ఆయన చదివిన రగ్బీ బడి వాళ్ళు చందాలు వేసుకుని, బందరు బడిలో ఆయన పేర ఒక మాస్టరు ఉద్యోగాన్ని నిలబెట్టారు.

నోబుల్ దారి వేరు. 1843 నవంబరులో ఇంగ్లీషు బడి పెట్టాడు. పెద్ద కులాల పిల్లలకు ఇంగ్లీషూ బైబిలూ కలిపి చెబితే తర్కంలో ఒప్పుకుంటారు, వాళ్ళ వెనకే ఊరంతా వస్తుంది అనుకున్నాడు. ఇంగ్లీషు వస్తే కచేరీలో ఉద్యోగం వస్తుందని తండ్రులు పంపారు. పిల్లల చెవిన వాక్యం పడుతుందని దొర చేర్చుకున్నాడు. ఎవరి లెక్క వాళ్ళది.

ఆ రోజుల్లో చెన్నపట్నమూ ఉడికిపోతోంది. గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే మన తెలుగు వర్తకుడు 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి మిషనరీలను ఎదుర్కొన్నాడు. సర్కారు బడుల్లో బైబిలు పాఠం పెట్టాలని గవర్నరు ట్వీడేల్ తలపెడితే, పైన కంపెనీ డైరెక్టర్లే 1847లో వద్దన్నారు. బందరులో ఉన్నది మిషన్ బడి కాబట్టి అక్కడ బైబిలుకు అడ్డు లేకపోయింది.

1852లో నోబుల్ బడి పిల్లలిద్దరు బాప్తిస్మం తీసుకున్నారు: మంచాల రత్నం, బ్రాహ్మణుడు, అయినాల భూషణం, వెలమ. ఊరు భగ్గుమంది. పిల్లల్ని మానిపించేశారు, బడి ఖాళీ అయింది. మెల్లగా మళ్ళీ నిండింది. ఎందుకంటే కచేరీ ఉద్యోగాలు ఎక్కడికీ పోలేదు. ఆ తరవాత జాని అలీ అనే ముస్లిం విద్యార్థి క్రైస్తవుడై కేంబ్రిడ్జి దాకా వెళ్ళి చదివొచ్చాడు. పాతికేళ్ళకు దగ్గరపడిన ఆ పనికి బాప్తిస్మాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

ఇక అసలు సంగతి. నోబుల్ బడిలోకి మాల మాదిగల పిల్లలకు ప్రవేశం లేదు. చేర్చుకుంటే బ్రాహ్మణ పిల్లలు లేచిపోతారని ఆయన భయం. బడి వేరు, సంఘం వేరు, బాప్తిస్మం పొందాక మాత్రం కులం చెల్లదు అన్నది ఆయన సమర్థన. 1850లో మద్రాసు మిషనరీలు సభ కూడి, కులాన్ని సంఘంలో సహించేది లేదని తీర్మానం చేశారు. తోటి పాదిరీల్లోనే నోబుల్ పద్ధతి మీద విమర్శ వచ్చింది. విగ్రహాల మీదా అవతారాల మీదా పండితులకు బదులు చెప్పగలిగిన మనిషి, ‘మీ దేవుడి ముందు అందరూ సమానమైతే ఆ పిల్లాడు గుమ్మం బయట ఎందుకున్నాడు?’ అంటే చెప్పగలిగేది ఆ పాటిదే. ఆయన నిజాయితీని నేను శంకించను. జవాబు మాత్రం నీరుగారిపోతోంది.

1864లో రత్నం, భూషణం పాదిరీలయ్యారు. అదే ఏడు నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సముద్రం పదమూడు అడుగుల ఎత్తున లేచి బందరు మీద పడింది. ముప్పై వేల దాకా చనిపోయారని లెక్క. షార్కీ అనే మిషనరీ దంపతులు నడిపిన బాలికల బడిలో పిల్లలు కొట్టుకుపోయారు. నోబుల్ బతికాడు. ఏడాది తిరక్కుండానే, 1865 అక్టోబరు 17న బందరులోనే పోయాడు. వచ్చింది మొదలు ఒక్కసారైనా ఇంగ్లండు వెళ్ళలేదు.

బడి కాలేజీ అయింది. 1890ల్లో అక్కడ పాఠం చెప్పింది రఘుపతి వెంకటరత్నం నాయుడు, బ్రహ్మసమాజీకుడు. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య అక్కడ చదివినవాళ్ళే. ముట్నూరి ‘కృష్ణా పత్రిక’ నడిపారు. ఈ ముగ్గురి పూనికతో 1910లో జాతీయ కళాశాల లేచింది. నోబుల్ కోరిన పంట ఇది కాదు. మిషన్ గడ్డ మీదే దానికి దీటైన బదులు చెప్పేవాళ్ళు తయారయ్యారు. నన్నడిగితే, బందరు బడి చేసిన గొప్ప పని అదే.

మరి సంఘం ఎక్కడ పెరిగింది? నందిగామ వైపు రాఘవాపురంలో. అక్కడి మాల పెద్ద పగోలు వెంకయ్య, పాదిరీలెవరూ రాకముందే విగ్రహాలు వదిలేసి, పేరు తెలియని దేవుణ్ణి ప్రార్థించుకుంటూ ఉండేవాడు. బెజవాడలో డార్లింగ్ అనే పాదిరీ దొరను కలిసి, 1859లో ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. ఆ తోవలోనే పల్లె వెంట పల్లె వచ్చింది. వీళ్ళకు మతం మంచిచెడ్డలు ఎంచే శక్తి లేదని 1930ల్లో గాంధీగారు అన్నప్పుడు, దోర్నకల్ బిషప్ అజరయ్య గట్టిగా కాదన్నారు. ఆయన చెంత నిలిచింది రాఘవాపురాల జనమే, నోబుల్ బడి పిల్లలు కారు.

మా రేవులో ఇప్పుడు సిలువ వేసిన బోటూ, పసుపు కుంకుమలు పెట్టిన బోటూ ఒకే మోకుకు కట్టుంటాయి. కులం అడక్కుండా పిల్లకు సంబంధం చూసే క్రైస్తవ ఇల్లు మాత్రం మా జిల్లాలో వెతకాలి. త్రిత్వం మీద, లేఖనాల మీద సవాళ్ళు విసిరే మన కుర్ర పాస్టర్లకు నాదొక మనవి: విమర్శకులకు బదులిచ్చే ముందు కులమనే ఈ ఒక్క సంగతికి మన సంఘాల్లో జవాబు చెప్పండి.